రైళ్లు పోయిన దారిలో సైకిళ్లు: ఆందలూసియా ఆలివ్ తోటల మధ్య

స్పెయిన్‌లో సైకిల్ తొక్కుదాం రండి అని ఎవర్ని పిలిచినా వచ్చే మొదటి మాట "అమ్మో, అక్కడన్నీ కొండలంట కదా, మనవల్ల అవుతుందా" అని. రెండో మాట "పక్కనుంచి లారీలు, కార్లు దూసుకుపోతుంటే నాకు టెన్షన్" అని. రెండూ నిజమైన భయాలే, నేనేమీ కొట్టిపారెయ్యను. హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ పైకప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిస్తే మనవాళ్లు ఎంత సంబరపడ్డారో గుర్తుంది కదా, కారు భయం లేకుండా తొక్కుకునే చోటు మనకి అంత కరువు.

ఈ రెండు భయాలకీ స్పెయిన్‌లో ఒకే జవాబు దొరుకుతుంది. రైళ్లు నడపడం మానేసిన పాత లైన్ల మీద పట్టాలూ స్లీపర్లూ పీకేసి, నేల చదును చేసి, కంకరో గట్టి మట్టో పరిచి, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలేశారు. వీటిని వియాస్ వెర్దేస్ అంటారు, పచ్చ దారులని అర్థం. 1993లో మొదలుపెట్టారు, ఇప్పుడు దేశం మొత్తం మీద 3,000 కిలోమీటర్లు దాటింది, స్పానిష్ రైల్వేల ఫౌండేషన్ అని ఒక సంస్థ వీటన్నిటినీ ఒక పద్ధతిలో పెడుతుంటుంది. కార్లు, మోటార్‌సైకిళ్లు రాకూడదు. తోటల్లోకి వెళ్లే ట్రాక్టర్ అక్కడక్కడ ఎదురుపడుతుంది, అంతే.

కార్లు లేవన్నది ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. కొండల సంగతి మాత్రం కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే అసలు మహత్యం అక్కడే ఉంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారుతుంది, ఎత్తు ఎక్కువైతే ఆవిరి ఇంజను బరువు లాగలేదు. అందుకని లైను వేసే ఇంజనీర్లు నూరు మీటర్ల దూరానికి రెండు మూడు మీటర్లకి మించి ఎత్తు పెరగకుండా చూసుకునేవాళ్లు. కొండ అడ్డొస్తే తొలిచారు, లోయ అడ్డొస్తే వంతెన కట్టారు, అదీ కుదరకపోతే కొండ చుట్టూ మైళ్ల కొద్దీ తిప్పి తీసుకొచ్చారు. అదే ఊరికి పోయే తారు రోడ్డు మీద నూటికి ఎనిమిది, పది మీటర్లు ఎక్కాల్సిన చోట్లుంటాయి, అక్కడ మామూలు మనిషి దిగి తోసుకుంటూ పోవాల్సిందే. నూనె పీపాల కోసం, ఇనుప రాయి కోసం నూరేళ్ల కిందట పడ్డ ఆ కష్టమంతా ఇప్పుడు మన మోకాళ్లకి పనికొస్తోంది.

ఒక మార్చిలో మా అక్కని తీసుకెళ్లాను. అక్క తెనాలిలో ఇంటర్ చదివే రోజుల్లో కాలేజీకి సైకిల్ మీద పోయేది, ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, మళ్లీ హ్యాండిల్ పట్టుకున్నది లేదు. బయల్దేరిన కాసేపటికి వెనకనుంచి అడిగింది, "ఏరా, ఇప్పుడు మనం ఎక్కుతున్నామా, దిగుతున్నామా?" నాకూ వెంటనే చెప్పడం రాలేదు. తొక్కడం ఆపి చూశాం. సైకిళ్లు మెల్లగా, మెల్లగా నెమ్మదించి ఆగిపోయాయి, అంటే ఎక్కుతున్నామన్నమాట. కృష్ణా డెల్టాలో గ్రావెల్ తోలిన కాలవ గట్టు మీద పొద్దున్నే తొక్కినవాళ్లకి ఆ హాయి తెలిసే ఉంటుంది, సరిగ్గా అదే హాయి, కాకపోతే కాలవ బదులు రెండు పక్కలా కొండలు.

మేం ముందు వెళ్లింది స్పెయిన్ దక్షిణాన ఉన్న ఆందలూసియాలో, హయెన్ నుంచి పుయెంతే హెనిల్ దాకా పోయే ఆలివ్ నూనె దారికి. మొత్తం దాదాపు 128 కిలోమీటర్లు. హయెన్ జిల్లాలో ఉన్న భాగాన్ని వియా వెర్దే దెల్ అసెయితే అంటారు, కోర్దోబా జిల్లాలోకి వచ్చాక అదే దారి సుబ్బేతికా అయిపోతుంది. ఈ లైను 1890ల మొదట్లో వేశారు, తోటల్లోంచి నూనెని బయటి ఊళ్లకి, రేవులకి చేర్చడం దీని ప్రధానమైన పని, అందుకే జనం దీన్ని నూనె రైలు అనేవాళ్లు. 1985కల్లా రైళ్లు పూర్తిగా ఆగిపోయాయి. పట్టాలు తుప్పుపట్టి, స్టేషన్లు కూలిపోయి, ముళ్లపొదలు మొలిచి, ఎవరికీ పట్టకుండా పడున్న చోటు అది.

హయెన్ ఊరు దాటగానే చెట్లు మొదలవుతాయి. ఈ ఒక్క జిల్లాలోనే ఆరు కోట్లకి పైగా ఆలివ్ చెట్లున్నాయంటారు, మంచి పంట పండిన ఏడాది ప్రపంచం మొత్తం ఆలివ్ నూనెలో దాదాపు ఐదో వంతు ఇక్కడినుంచే వస్తుంది. అంకె చదివితే ఏమీ అనిపించదు గానీ సైకిల్ మీద ఆ మధ్యలో పోతుంటే తెలుస్తుంది, కొండ అంచు దాకా, ఆ కొండ వెనక కొండ దాకా, దాని వెనక ఇంకో కొండ దాకా వరసలే వరసలు, బూడిద కలిసిన ఆకుపచ్చ. చూసి చూసి విసుగొచ్చిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. నాకు రాలేదు. ఎందుకంటే సైకిల్ వేగంలో ప్రతి తోటకీ తేడా కనిపిస్తుంది. ఒకడి చెట్టు మూడు మొదళ్లుగా చీలి ముసలిదై ఉంటుంది, పక్కవాడివి కంచెలాగా దగ్గర దగ్గరగా నాటిన కొత్త మొక్కలు. ఒకచోట చెట్ల కింద నేల గీకినట్టు బోడిగా ఉండి వానకి కోసుకుపోయి నిలువెత్తు గండ్లు పడి ఉంటాయి, ఇంకోచోట రైతు గడ్డిని అలాగే వదిలేశాడు, పసుపుపచ్చ పూలతో నేల నిండి ఉంటుంది. గడ్డి వదిలితే మన్ను నిలబడుతుంది, నీళ్లూ ఇంకుతాయి. ఆ బోడి నేలలు చూస్తే నాకు నిజంగా బాధేసింది, అన్ని తరాలు కాపాడుకున్న మట్టి ఒక్కో వానకి అలా వాగులో కలిసిపోతోంది. 2022లోనూ ఆ తర్వాత ఏడాదీ కరువొచ్చి స్పెయిన్‌లో నూనె దిగుబడి సగానికి పడిపోయింది, ధరలు ఆకాశానికి పోయాయి, మనకి సూపర్‌మార్కెట్లో సీసా మీద కనిపించిన ఆ రేటు వెనక ఉన్నది ఈ చెట్లే.

నవంబర్ నుంచి జనవరి దాకా వెళ్తే కాయ దులిపే పని చూడొచ్చు. చెట్టు కింద వలలు పరిచి, ట్రాక్టర్‌కి బిగించిన ఇనుప చెయ్యి మొదలుని పట్టుకుని కొన్ని క్షణాలు దడదడలాడిస్తుంది, వానలాగా కాయలు రాలతాయి, మిగిలినవాటిని మనుషులు పొడుగాటి కర్రలతో కొడతారు. గాలంతా గానుగ వాసన. అయితే ఆ రోజుల్లో దారి మీద ట్రాక్టర్లు ఎక్కువ, మట్టి కూడా జిగటగా ఉంటుంది, కాబట్టి కేవలం తొక్కుడు కోసమైతే మార్చి, ఏప్రిల్, లేదంటే అక్టోబర్ నయం. జులై, ఆగస్టుల్లో మాత్రం వద్దు. నలభై డిగ్రీలు దాటుతుంది, మన రోహిణి కార్తె ఎండే, చెట్టు నీడ దారి మీదకి రాదు.

మార్తోస్, అల్కవుదేతే దాటాక రెండు జిల్లాల హద్దులో గ్వాదహోస్ నది మీద ఇనుప వంతెన వస్తుంది, 207 మీటర్ల పొడుగు. ఈ దారి మీద ఇలాంటి వంతెనలు చాలానే ఉన్నాయి, ఐఫెల్ టవర్ కట్టిన కాలపు పనితనం, అడ్డంగా నిలువుగా ఇనుప కమ్మీలు, వేలకి వేల రివెట్లు. చాలాచోట్ల పట్టాలుండే చోట చెక్క పలకలు పరిచారు. టైరు వాటి మీదకి ఎక్కగానే అప్పటిదాకా వస్తున్న కంకర కరకర ఆగిపోయి టకటకటక అని ఒక లయ మొదలవుతుంది, పలక పలకకీ ఒక దెబ్బ, వేగం పెంచితే దరువు పెరుగుతుంది. అక్క ఒక వంతెన మధ్యలో ఆగి కమ్మీ మీద చెయ్యి పెట్టి ఒక్కో రివెట్టునీ తడిమి చూసింది. వేలికి తగిలే ఆ గుండ్రటి తలలు ఒక్కోటీ ఒక్కోలా ఉన్నాయి, కొన్ని బాగా గుండ్రంగా, కొన్ని ఒక పక్కకి ఒరిగి. "ఇవన్నీ ఎవరో మనిషి సుత్తితో కొట్టినవే కదరా," అంది. ఆ కొట్టిన కూలీల పేర్లు ఏ బోర్డు మీదా లేవు, కంపెనీ పేరు మాత్రం చరిత్రలో ఉంది.

వంతెన దాటితే లూకే వైపు. దారి పక్కనే లగూనా దెల్ కోందే అని ఉప్పునీటి మడుగు ఒకటి ఉంది, వానాకాలం తర్వాత నీళ్లుంటే ఫ్లెమింగోలు దిగుతాయి, ఎండాకాలానికి ఎండిపోయి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. తర్వాత సుయెరోస్. కొండ రాయికి అతుక్కున్నట్టు తెల్లటి ఇళ్లు, పైన పాడుబడ్డ కోట, కింద లోయలో మన దారి. ఊళ్లోకి పోవాలంటే మాత్రం రైలు దారి వదిలి రోడ్డెక్కాలి, అదొక్కటీ నిజమైన ఎక్కుడు. ఈ ఊరి మేకపాల జున్నుకి, అంటే చీజ్‌కి, పేరుంది, సైకిల్ తోసుకుంటూ పోయినా సరే ఎక్కాల్సిందే.

దోన్యా మెన్సియా పాత స్టేషన్ నాకు ఈ దారి మొత్తంలో బాగా నచ్చిన మజిలీ. టికెట్ కిటికీ, ప్లాట్‌ఫారం అలాగే ఉన్నాయి, సైకిళ్లు అద్దెకిస్తారు, తినడానికి దొరుకుతుంది. పొద్దున్నే అక్కడ వాళ్లు తినేది చాలా సాదా తిండి, కాల్చిన రొట్టె మీద తురిమిన టమాటా, దాని మీద ధారాళంగా పోసిన ఆలివ్ నూనె, చిటికెడు ఉప్పు. హయెన్ వైపు చెట్లన్నీ ఎక్కువగా పికువల్ అనే రకం, ఆ నూనె కొత్తది తాగితే గొంతులో మిరియం తగిలినట్టు మండుతుంది, కొంచెం చేదు. సీసాలో ఏళ్ల తరబడి నిలవున్న నూనె మాత్రమే తెలిసిన నాలుకకి మొదట ఇదేం నూనె అనిపిస్తుంది. ఆ మంటే మంచి నూనెకి గుర్తని అక్కడివాళ్లు చెప్తారు, శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది, ఆ ఘాటు నూనెలో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాల వల్లే. అక్క రొట్టె మీద కారప్పొడి జల్లుకుంటే బాగుండేదంది, నిజంగా బాగుండేది.

కాబ్రా స్టేషన్లో పాత ఆవిరి ఇంజను నిలబెట్టారు, పక్కనే నూనె రైలు గురించి చిన్న మ్యూజియం. అక్కడినుంచి లుసేనా, ఆపైన పుయెంతే హెనిల్. చివరి భాగం నాకు మరీ అంత గుర్తుండిపోయేది కాదు, కొండలు తగ్గిపోతాయి, ఊళ్లు పెద్దవవుతాయి, తొందరగా దాటెయ్యొచ్చు.

ఇక మేం వెళ్లిన రెండో దారి, ఓల్వేరా నుంచి పుయెర్తో సెర్రానో దాకా పోయే వియా వెర్దే దె లా సియెర్రా. 36 కిలోమీటర్లు చిల్లర. దీని కథే వేరు, ఈ లైను మీద ఒక్క ప్రయాణికుల రైలు కూడా నడవలేదు. 1920లలో స్పెయిన్‌లో ప్రిమో దె రివేరా సైనిక పాలన ఉన్నప్పుడు పని మొదలుపెట్టారు, 30 సొరంగాలు తవ్వారు, వంతెనలు కట్టారు, స్టేషన్లు లేపారు, తర్వాత డబ్బులాగిపోయి, 1936లో అంతర్యుద్ధం వచ్చి, పట్టాలు వెయ్యాల్సిన దశలో అన్నీ వదిలేశారు. ఎంతమంది ఒళ్లు హూనం చేసుకుని ఆ కొండలు తొలిచారో, ఒక తరం మొత్తం రైలు వస్తుందని ఎదురుచూసి ఎలా పోయిందో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు ఆ స్టేషన్లలో కొన్ని హోటళ్లు. పెద్ద సొరంగం దాదాపు కిలోమీటరు పొడుగు, లోపలికి వెళ్లగానే సెన్సర్‌తో లైట్లు వెలుగుతాయి, కానీ వాటినే నమ్ముకోకండి, హ్యాండిల్‌కి లైటు తప్పనిసరి. బయట ముప్ఫై డిగ్రీలున్నా లోపల చల్లగా ఉంటుంది, చెమట పట్టిన ఒంటి మీద ఆ చల్లగాలి తగలడం కోసమే ఇంకో సొరంగం రావాలనిపిస్తుంది.

కానీ ఈ దారికి నేను మళ్లీ మళ్లీ వెళ్లాలనుకునేది రాబందుల కోసం. సగం దారి దాటే ముందు పెన్యోన్ దె సాఫ్రామగోన్ అని నిట్టనిలువు సున్నపురాయి కొండ వస్తుంది, అది రక్షిత ప్రాంతం, గ్రిఫన్ రాబందులు గూళ్లు కట్టుకునే చోటు, ఆందలూసియాలో ఉన్న పెద్ద స్థావరాల్లో ఇదొకటి. కింద పాత స్టేషన్లో చిన్న కేంద్రం పెట్టి కొండ మీద గూళ్ల దగ్గర కెమెరాలు బిగించి చూపిస్తారు. బయట నిలబడితే చాలు, పదకొండు గంటలకి ఎండ కాస్త ముదిరి వేడిగాలి లేవగానే ఒక్కోటీ అంచునుంచి దూకి రెక్కలు చాపి చక్కర్లు మొదలుపెడతాయి. రెండున్నర మీటర్ల రెక్కలు. ఒకటి మా నెత్తి మీదుగా ఎంత కిందనుంచి పోయిందంటే రెక్కల చివర వేళ్లలా విడిపోయిన ఈకల్లోంచి గాలి కోసుకుపోయే చప్పుడు వినిపించింది. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, చిన్నప్పుడు ఊరి చివర గొడ్డు చస్తే ఇవి గుంపుగా దిగేవి, మన పిల్లలు ఒక్కదాన్నీ చూడలేదు కదరా అని.

నిజమే. మన దేశంలో రాబందులు కళ్లముందే మాయమైపోయాయి. పశువులకి నొప్పికి వాడిన డైక్లోఫినాక్ మందు ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలని పాడు చేసింది, 2006లో పశువైద్యంలో ఆ మందుని నిషేధించేసరికే చాలా వరకు పోయాయి. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద కొన్ని రాబందులు గూళ్లు కట్టుకున్నాయని తెలిసినప్పుడు అది పెద్ద వార్త అయింది. ఇంత జరిగిన తర్వాత స్పెయిన్ 2013లో పశువులకి అదే మందుకి అనుమతి ఇచ్చింది. ఆ కొండ కింద నిలబడి అది గుర్తొస్తే ఒళ్లు మండింది నాకు. యూరప్ మొత్తంలో ఎక్కువ రాబందులున్న దేశం అది, మన అనుభవం వాళ్లముందు పరిచి ఉంది, అయినా సరే.

కోరీపే దగ్గర చప్పర్రో దె లా వేగా అని ఒక మహావృక్షం ఉంది, ఓక్ జాతి చెట్టు, ప్రకృతి స్మారకంగా ప్రకటించారు. దాని కింద ఊరంతా కూచున్నా నీడ మిగుల్తుందేమో. అక్కడ తెచ్చుకున్న రొట్టె తిని కాసేపు నడుం వాల్చండి, తొందరేం లేదు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. తెరుయెల్ కొండల్లోంచి మధ్యధరా సముద్రం ఒడ్డున సగుంతో దగ్గరికి దిగే ఓహోస్ నేగ్రోస్ దారి వీటన్నిటిలోకీ పొడుగైనది, ఇనుప ఖనిజం మోసిన లైను, పక్కనే అప్పటికే ఒక రైలు మార్గం ఉన్నా రేట్లు కుదరక గనుల కంపెనీ తన సొంత లైను వేసుకుంది. దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉండే బర్రాకాస్ నుంచి సముద్రం వైపు గంటల తరబడి దిగుడే, కాలు కదపకుండా పోవచ్చు. కొంత భాగం తారు వేశారు, వీల్‌చైర్లకీ చిన్నపిల్లలకీ అది మంచిదే, కానీ కంకర మీద తొక్కే ఆనందం తారు మీద రాదు, నేను దాచను. ఇక కటలోనియాలో ఓలోత్ నుంచి జిరోనాకి 54 కిలోమీటర్ల కార్రిలేత్, అక్కడినుంచి సాంత్ ఫెలియు బీచ్ దాకా ఇంకో 39. చల్లారిన అగ్నిపర్వతాల మధ్య మొదలై సముద్రంలో కాలు పెట్టి ముగించొచ్చు. బాగా చదును చేసిన దారి, పిల్లలున్న కుటుంబాలకి ఇదే ముందు చెప్తాను, శని ఆదివారాలు మాత్రం జనం ఎక్కువ.

సైకిల్ గురించి అడుగుతారు కాబట్టి, కంకర దారుల కోసం చేసే ఖరీదైన గ్రావెల్ బైకే ఉండాలని లేదు. 38 నుంచి 45 మిల్లీమీటర్ల టైర్లు పట్టే ఏ హైబ్రిడ్ అయినా సరిపోతుంది. సన్న రోడ్డు టైర్లు వద్దు, కంకర వదులుగా ఉన్న చోట జారుతుంది. వానపడ్డ మర్నాడు ఎర్రమట్టి చక్రానికీ ఫోర్కుకీ మధ్య ముద్దలా బిగుసుకుని చక్రం తిరగనివ్వదు, ఒక పూట ఆగితే ఆరిపోతుంది. నీళ్లు రెండు సీసాలు నింపుకోండి, స్టేషన్ల దగ్గర కుళాయిలుంటాయి గానీ అన్నీ పనిచెయ్యవు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఊళ్లల్లో కొట్లు మూసేస్తారు, తినడానికి కావల్సినవి పొద్దున్నే కొనుక్కోవాలి. శాకాహారులకి రొట్టె, జున్ను, ఆలివ్‌లు, బంగాళాదుంప ఆమ్లెట్ తింటే అదీ, వీటితో గడిచిపోతుంది. అక్క నిమ్మకాయ ఊరగాయ చిన్న డబ్బా తెచ్చింది, దాంతో ఏ రొట్టెకీ ఇబ్బంది రాలేదు.

సొంత సైకిల్ విమానంలో తేవాలా అంటే, నేనైతే వద్దంటాను. నా సైకిల్‌కి వెనక గేరుని పట్టి ఉంచే ముక్క, గేరు హ్యాంగర్, ఒక విమాన ప్రయాణంలో వంకరపోయి వచ్చింది, అది సరిచేయించేసరికి రోజు పోయింది. స్పెయిన్‌లో మీడియా దిస్తాన్సియా అనే మధ్యరకం దూరాల రైళ్లలో సైకిల్ ఎక్కించుకోవచ్చు, చోట్లు తక్కువ కాబట్టి టికెట్‌తో పాటే బుక్ చెయ్యాలి, హైస్పీడ్ రైళ్లలో మాత్రం విడదీసి సంచిలో కట్టాలి. దోన్యా మెన్సియాలోనూ ఓల్వేరాలోనూ అద్దె సైకిళ్లు దొరుకుతున్నప్పుడు ఇదంతా దేనికి.

మొదటిసారి వచ్చేవాళ్లు దోన్యా మెన్సియాలో సైకిల్ తీసుకుని ఒక పూట సుయెరోస్, లూకే వైపు, ఇంకో పూట కాబ్రా వైపు పోయి రండి. కాళ్లు అలవాటు పడ్డాక ఓల్వేరాకి మారండి, అక్కడ పుయెర్తో సెర్రానో వైపు మొత్తం మీద దిగుడు కాబట్టి పోయేది సుఖంగా పోతారు, తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు, వద్దనుకుంటే సైకిళ్లు పట్టే టాక్సీ ముందు రోజే మాట్లాడి పెట్టుకోండి. వారం మధ్యలో, సీజన్ కాని రోజుల్లో అద్దె దుకాణం తెరిచి ఉంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.